యూరియాలో ముప్పై నిమిషాలు

రాత్రి పదకొండు దాటాక
దక్షిణ ఆక్లండ్ ఆసుపత్రి నేలమాళిగలో
ఫ్రిజ్ గురక, నేను, ఒక గాజు గొట్టం.

గొట్టంలో యూరియా నీళ్ళు.
ఒక చుక్క నెత్తురు వేసి గడియారం చూస్తాను.
ఎవరి కణాలైనా నిమిషంలో పగిలిపోతాయి.
మబ్బు విడిపోయి ఎర్రటి తేట మిగులుతుంది,
గొట్టం వెనక పేపరు పెడితే అక్షరాలు చదువుకోవచ్చు.

ఫువాతినో నెత్తురు
ఇరవై నిమిషాలైనా మబ్బు విడవలేదు.

ఎర్రకణం ఒంటినిండా గుమ్మాలే,
ఒక్కో ప్రొటీన్ ఒక్కో గుమ్మం.
కిడ్ అనే గుమ్మంలోంచి యూరియా దూరుతుంది,
దాని వెనకే నీళ్ళు,
కడుపుబ్బి కణం పగులుతుంది.
ఈమె కణాలకి ఆ గుమ్మం మూసి లేదు,
అసలు పెట్టనే లేదు.

పద్దెనిమిదో క్రోమోజోములో ఎక్కడో
కత్తిరించి కుట్టే చోట
జీ ఉండాల్సిన గడిలో ఏ.
ఒక్క అక్షరానికే కుట్టు తప్పింది.
అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి,
రెండూ కలిస్తేనే ఇలా.
ఒకటే వస్తే బతుకంతా తెలియనే తెలియదు.
అలా తెలియకుండానే దాన్ని మోసుకుంటూ
ఎవరో పడవెక్కారు, చుక్కల్ని నమ్ముకుని,
కోళ్ళతో, చేమదుంపలతో, కొబ్బరి మొలకలతో.
తప్పు అనడం కూడా తప్పేనేమో.
ఇన్ని వందల ఏళ్ళూ అది ఎవర్నీ ఏమీ అనలేదు,
ఒకరి నెత్తురు ఒకరికి ఎక్కించడం మొదలయ్యేదాకా.

(మా తాతది తోంగా కదా అని
నా చుక్క కూడా ఒకసారి వేసి చూసుకున్నాను.
నలభై నాలుగు సెకన్లు.)

తొమ్మిదేళ్ళ కిందట తొలికాన్పులో
ఆమెకి రెండు సంచులు ఎక్కించారట.
ఆమె ఒళ్ళు ఆ గుమ్మాన్ని అప్పుడే మొదటిసారి చూసింది,
పరాయిదని గుర్తు పెట్టుకుంది.
ఈ యాంటీబాడీ మాయదారిది,
ఏళ్ళు గడిస్తే ఏ పరీక్షకీ దొరకదు.
ఆదివారం రాతిపొయ్యి మీద
ఆకులు చల్లారినా అడుగు రాయి కాలుతున్నట్టు
లోపలే ఉంటుంది.

ఈసారి దొరికింది.
రేపు పొద్దున్న ఆపరేషన్.
ఫ్రీజర్లో ఆమెకి పనికొచ్చే సంచి ఒక్కటీ లేదు.

తోబుట్టువులు ఐదుగురు.
లెక్క ప్రకారం నలుగురిలో ఒకరికి కుదరాలి,
లెక్కలు మనుషుల మాట వినవు.
ఫెటాలైగా చర్చి బట్టల్లోనే వచ్చింది. నలభై సెకన్లు.
కవలలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఇచ్చారు.
యాభై. యాభై రెండు.
వెల్లింగ్టన్ నుంచి విమానంలో దిగిన చెల్లెలు
"ఇంకోసారి చూడండి" అంది.
చూశాను.

ఐదోవాడి పేరు చెప్పడానికి
ఎవరికీ నోరు రాలేదు.

తల్లి పోయినప్పుడు ఒక చాప దగ్గర తగువు.
పడుకునే చాప కాదు.
పట్టులా నలిగే చాప,
ఒక ముసలామె ఏడాది పైగా కూర్చుని అల్లింది,
పెళ్ళికీ చావుకీ ఇల్లు మారేది.
ఎవరింటికి పోవాలో తేలక
నాలుగేళ్ళుగా అక్కాతమ్ముళ్ళకి మాటల్లేవు.

పెసమినో మాంసం ఫ్యాక్టరీ నుంచి
డ్యూటీ మధ్యలో తెల్ల గంబూట్లతో వచ్చాడు.
ఏమీ అడగలేదు, చొక్కా చెయ్యి మడిచాడు.
గ్రూపు ఓ, ఆమెదీ అదే.

చుక్క వేశాను.
ఒక నిమిషం.
రెండు.
టీ పెట్టుకున్నాను, చల్లారిపోయింది.
ముప్పై నిమిషాలకీ గొట్టం మబ్బుగానే ఉంది.
దీపానికి ఎత్తి పట్టుకుని
ఎవరూ లేని గదిలో పైకే నవ్వాను.

"సంచి మీద నా పేరుంటుందా?"
అంకెలే ఉంటాయన్నాను.
"మంచిది."
బిస్కెట్ సగం తిని
"చాప నా కారు డిక్కీలోనే ఉంది" అన్నాడు,
నాతో కాదు, గోడతో.

మిగతా పరీక్షలన్నీ ముగిసేసరికి తెల్లవారుతోంది.
సంచి లిఫ్టెక్కి నాలుగో అంతస్తుకి పోయింది.
అతను పోలేదు.
డ్యూటీకి ఆలస్యం అంటూనే వెళ్ళినవాడు
పార్కింగ్‌లో డిక్కీ ఎత్తి
గంటసేపు అలాగే నిలబడ్డాడు.
కెమెరాలో చూశాను.
వాన మొదలయ్యాక కూడా మూయలేదు,
లోపలున్నదాని మీదికి వంగి
వీపు తడుపుకున్నాడు.